ఫానీ డ్యురాక్: ఈతగత్తె, ఈతగురువు

సంఘసంస్కరణమును గూర్చి వ్రాయువారు సాధారణముగా రెండు పక్షములను కల్పించుకొందురు. ఒకవైపున పూర్వాచారపరులు, వేరొకవైపున సంస్కర్తలు. మొదటివారు తలుపులు మూయుదురు, రెండవవారు తెరచెదరు. కథ ఇంత సులభమైనచో సంస్కరణ చరిత్రమును చదువవలసిన పనియే లేదు. ఎవరే పక్షమువారో తెలిసికొన్న చాలును. కాని నేడు తలుపు మూసినవారే నిన్న వేరొక తలుపును తెరచినవారైన సందర్భములు చరిత్రమున పెక్కులు కలవు. అట్టివానిలో నొకదానిని మేమిచట చెప్పదలచితిమి. అది ఆస్ట్రేలియా దేశమునకు సంబంధించినది. ఒక ఈతగత్తెకును, స్త్రీల వోటుహక్కునకై పాటుపడిన ప్రసిద్ధ సంస్కర్త్రికిని నడుమ వచ్చిన వాదమది. ఈతగత్తె పేరు ఫానీ డ్యురాక్. ఆమె మొదట పందెములలో ఈది లోకమున పేరుగాంచెను. పిమ్మట పిల్లలకు ఈత నేర్పుచు జీవితశేషమును గడపెను. ఆమె చేసినదానిని గూర్చి నేటికిని భిన్నాభిప్రాయములు కలవు. వానిని తూచి చూచుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

సారా ఫ్రాన్సెస్ డ్యురాక్ 1889వ సంవత్సరము అక్టోబరు 27వ తేదీన సిడ్నీ నగరమున జన్మించెను. ఫానీ యను ముద్దుపేరే లోకమున నిలిచెను. ఆమెది ఐర్లండునుండి వచ్చిన కుటుంబము. తండ్రి మద్యశాల నడుపువాడు. సముద్రమునకు ఆనుకొనియున్న యా నగరమున ఈత ఎల్లరకు సహజముగా అబ్బెడి విద్య యని చదువరులు తలపవచ్చును. అట్లు కాదు. 1838 నాటి శాసనమొకటి పగటివేళ నలుగురు చూచుచుండగా సముద్రస్నానము చేయుట నేరమని విధించియుండెను. 1902లో మాన్లీ యను చోట విలియం గోచర్ అను పత్రికాసంపాదకుడు, తానీ నిషేధమును మీరబోవుచున్నానని ముందుగా ప్రకటించి, పట్టపగలు సముద్రమున దిగెను. 1903లో మాన్లీ పురపాలకులు నిషేధమును తొలగించి, మెడనుండి మోకాలివరకు దేహమును కప్పు దుస్తులు ధరించినవారు పగలంతయు స్నానము చేయవచ్చునని ఒప్పుకొనిరి. ఫానీ అప్పటికి ఇంకను చిన్నపిల్ల. ఆమె తరమువారు పెరిగినది ఇట్టి మార్పుల నడుమనే.

అలలు కొట్టుచోట రాతిగట్లు కట్టి నీటిని నిలిపిన కొలనులు ఆ తీరమున ననేకములు కలవు. కూజీ యను చోటనున్న యట్టి కొలనులో ఫానీ ఈత నేర్చెను. స్త్రీలకు నడపబడుచుండిన రాష్ట్రపు పోటీ ఆనాడు బ్రెస్ట్ స్ట్రోక్ అను నీతలో మాత్రమే. అనగా బోరగిల నుండి, కప్పవలె కాళ్లు ముడిచి చాచుచు, రెండుచేతులతో నీటిని ప్రక్కలకు త్రోయుచు పోవు ఈత. దానిలోనే ఆమె తొలుత నైపుణ్యము సంపాదించి, 1906లో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రపు పోటీలో మొదటిసారి గెలిచెను. ఆ కొలనుగట్టుననే ఆమెకొక చెలికత్తెయు, ప్రతిస్పర్ధియు దొరకెను. ఆమె మినా వైలీ. మినా తండ్రి హెన్రీ వైలీ 1907లో కూజీలో తానే ఒక ఈతకొలనును కట్టించెను. స్త్రీపురుషులిరువురును ఒకేవేళ ఈదుటకు వీలిచ్చిన తొలి కొలనులలో నది యొకటి. 1910-11 నాటి పోటీలలో మినా ఫానీని పలుమార్లు ఓడించెను. వారి స్నేహము దానిచే చెడలేదు. ఇరువురు కలిసియే సాధన చేయుచుండిరి.

సిడ్నీ తీరముననే ఆ కాలమున ఈతవిద్యలో నొక పెద్దమార్పు కలిగెను. అంతకుముందు వేగముగా ఈదగోరువారు ట్రడ్జెన్ అను పద్ధతి నవలంబించెడివారు. దానిలో చేతులు ఒకదానివెంట నొకటి నీటిపైకి లేచి ముందునకు పడును గాని, కాళ్లు మాత్రము కత్తెరవలె విచ్చుకొని మూసికొనుచుండును. కాళ్లు విచ్చుకొన్నప్పుడెల్ల నీరు అడ్డగించుటచే ఈదువాని పోకకు ప్రతిసారి ఒక తటపాటు కలుగును. సాలమన్ దీవులనుండి సిడ్నీకి వచ్చిన అలిక్ విక్‌హామ్ అను బాలుడు కాళ్లను విప్పక, పైకిని క్రిందికిని వడిగా కొట్టుచు ఈదుట చూచి ఊరివారు వింతపడిరి. కావిల్ అను ఈతగాండ్ర కుటుంబమువారు ఆ తీరును పందెములకు తగినట్లు మలచి ప్రచారము చేసిరి. అదియే క్రాల్. ద్వీపవాసుల విద్యను నగరవాసులు గ్రహించి లోకమునకు పంచిరన్నమాట. ఫానీ ట్రడ్జెనును విడిచి ఈ క్రొత్త ఈతను చేపట్టినతోడనే ఆమె వేగము హెచ్చెను. ఇక ఆమెను ఓడింపగలవారు అరుదైరి.

అప్పుడు 1912వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడలు దగ్గరపడెను. స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోమ్‌లో జరుగబోవు ఆ క్రీడలలో స్త్రీలకు ఈతపందెములు ఏర్పరుపబడుట అదే ప్రథమము. ఫానీని, మినాను పంపవలెనని సిడ్నీలో పలువురు కోరిరి. కాని న్యూ సౌత్ వేల్స్ స్త్రీల ఈతసంఘమునకు ఒక నియమము కలదు. పురుషులు ప్రేక్షకులుగా నుండు పోటీలలో ఆ సంఘసభ్యురాండ్రు పాల్గొనరాదు. ఆ సంఘమునకు అధ్యక్షురాలు రోజ్ స్కాట్. నియమమును సడలింపరాదని గట్టిగా పట్టుబట్టినది ఆమెయే.

ఈ రోజ్ స్కాట్ ఎవరు? ఇంటి నాలుగుగోడలే స్త్రీకి లోకమని నమ్మిన పాతకాలపు అవ్వ కాదు. 1847లో జన్మించిన ఈమె వివాహము చేసికొనక, తన బ్రతుకంతయు స్త్రీలకొరకే ధారపోసెను. 1891లో స్థాపింపబడిన స్త్రీల వోటుహక్కు సంఘమునకు కార్యదర్శినియై, పదునొకండేండ్లు ఉత్తరములు వ్రాసి, సభలు చేసి, శాసనసభ్యులను వెంటాడి, 1902లో న్యూ సౌత్ వేల్స్ స్త్రీలకు వోటు వచ్చుటకు ముఖ్యకారకురాలయ్యెను. దుకాణములలో రాత్రిపొద్దుపోవు దాక నిలువుకాళ్లపై పనిచేయు యువతుల కష్టము చూచి, దుకాణములను వేళకు మూయించు 1899 నాటి చట్టమునకై పాటుపడెను. పదునాలుగేండ్లు నిండిన పిల్ల తన శీలమునకు తానే బాధ్యురాలని చెప్పు చట్టమును మార్చి, ఆ వయస్సును పదునారేండ్లకు పెంచుటకు ఏండ్లతరబడి పోరాడి, 1910లో గెలిచెను. ఇట్టి స్త్రీ స్త్రీల ఈతకు విరోధిని కాదు. కాకున్న ఈతసంఘమునకు అధ్యక్షురాలు కానేకాదు. ఆమెకు విరోధమైనది గట్టుమీది చూపు.

ఆమె భయము నిరాధారమనుట న్యాయము కాదు. అదే సిడ్నీలో పుట్టిన అన్నెట్ కెల్లర్మన్ అను ఈతగత్తె, ఇంగ్లండులోను అమెరికాలోను ప్రదర్శనశాలలలో టికెట్టు కొన్నవారియెదుట నీటితొట్టిలో ఈదుచు, ధనమును కీర్తిని గడించుచుండెను. ఆమె నేర్పు గొప్పది. ఆమె ధైర్యము గొప్పది. అయినను ఆ శాలకు వచ్చినవారిలో ఈతను చూడవచ్చినవారెందరో, ఈదుదాని దేహమును చూడవచ్చినవారెందరో చెప్పనక్కరలేదు. పదునాలుగేండ్ల పిల్లలపై పురుషులు చేసిన అత్యాచారముల కథలను ఏండ్లకొలది వినిన రోజ్ స్కాట్‌కు, పురుషుని చూపునందు నమ్మకము లేకపోవుట వింత కాదు. ఆమె నియమము ఆచారమునుండి పుట్టినది కాదు; అనుభవమునుండి పుట్టినది. అందుచేతనే అది విచారింపదగినది.

కాని ఆమె చేసిన రెండు పనులను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. 1910 నాటి చట్టము పురుషుని నేరమునకు పురుషునే శిక్షించినది; బాలికను కాపాడుటకై తప్పుచేయువాని చేతులను కట్టినది. ఈతసంఘపు నియమమో, పురుషుని చూపు చెడ్డదైనచో స్త్రీ నీటినుండి తొలగిపోవలెనని చెప్పినది. తప్పుచేయనిదాని కాళ్లను కట్టినది. ఉద్దేశ మొక్కటియే, భారము మాత్రము ఒకరి తలనుండి వేరొకరి తలమీదికి మారినది. దొంగలు కలరని సొమ్మును భూమిలో పాతిపెట్టవచ్చును. కాని బిడ్డ సొమ్ము కాదు గదా! సంస్కర్తలు తరచుగా కాలుజారుచోటు ఇదియేయని మాకు తోచుచున్నది. ఆపదనుండి కాపాడుటకు బయలుదేరి, ఆపద కలిగించువానిని విడిచి, ఆపదపాలగుదానినే కట్టుబాటు చేయుదురు. కట్టుబాటు చేయుట సులభము. ఆమె మాట వినును, వాడు వినడు.

1912 మొదటి నెలలలో ఈ వాదము పత్రికల కెక్కెను. ప్రజలు చాలవరకు ఈతగత్తెల పక్షము వహించిరి. సంఘసభ్యురాండ్రు ఓట్లు వేసి నియమమును రద్దుచేసిరి. తన నమ్మకమునకు విరుద్ధముగా సంఘము నడచినపుడు పదవిని పట్టుకొని వ్రేలాడుట రోజ్ స్కాట్ స్వభావము కాదు. ఆమె రాజీనామా ఇచ్చెను. ఆమెను ఓడించినది ఓటే యనుట గమనింపదగినది. స్త్రీలకు ఓటువేయు పద్ధతిని నేర్పినవారిలో ఆమెయే మొదటిది.

నియమము పోయినను దారి సుగమము కాలేదు. ఒలింపిక్ జట్టును ఎన్నుకొను పురుషులు స్త్రీలకొరకు ధనము వెచ్చించుటకు ఇష్టపడలేదు. తమ ఖర్చులు తామే భరించుకొన్నచో పోవచ్చునని తుదకు అనుజ్ఞ దొరకెను. ప్రదర్శనశాలల అధిపతియగు హ్యూ మాకింటోష్ భార్య చందాలు పోగుచేయుటకు పూనుకొనెను. ఈ మాకింటోషే 1908లో సిడ్నీలో జాక్ జాన్సన్, టామీ బర్న్స్‌ల ప్రసిద్ధ ముష్టియుద్ధమును నడపినవాడు. ఈతపందెము వేడుకల వర్తకుల చేతిలో పడునని భయపడినవారికి ఈ సంగతి ఎట్లుండునో ఊహింపవచ్చును. కాని సంఘములును ప్రభుత్వములును చేయిచాపనప్పుడు, చాపిన చేయి ఎవరిదని అడుగు వీలు ఆ యువతులకు లేదు. ఫానీకి తోడుగా ఆమె సోదరి మేరీ బయలుదేరెను. మినాకు తోడుగా ఆమె తండ్రి బయలుదేరెను. వారములతరబడి ఓడప్రయాణము చేసి వారు ఐరోపా చేరిరి.

ఆ క్రీడలకు వచ్చిన సుమారు 2400 మంది క్రీడాకారులలో స్త్రీలు ఏబదిమందికి లోపే. ఒలింపిక్ క్రీడలను పునరుద్ధరించిన కూబర్టిన్ ప్రభువు స్వయముగా స్త్రీల పోటీలకు వ్యతిరేకి. ఆ సంవత్సరమే ఆ యభిప్రాయమును తన పత్రికలో వెల్లడించెను. అమెరికాదేశము ఒక్క స్త్రీనైనను పంపలేదు. స్టాక్‌హోమ్‌లో సముద్రపు పాయయందు కొయ్యగట్లు కట్టి నూరుమీటరుల నిడివిగల ఈతస్థలము నేర్పరచిరి. స్త్రీలకు నూరుమీటరుల పందెమొకటి, నలుగురేసి ఈదు జట్టుపందెమొకటి నియమింపబడెను. నూరుమీటరుల పందెమునకు ఎనిమిది దేశములనుండి 27 మంది వచ్చిరి. తొలి వరుసలలోనే ఫానీ 1 నిమిషము 19.8 సెకండ్లలో గమ్యము చేరి, ఇంగ్లండునకు చెందిన డైసీ కర్వెన్ నెలదినములకు ముందు నెలకొల్పిన ప్రపంచపు కొలతను దాటెను. కర్వెన్‌కు ఇంతలో అపెండిసైటిస్ వ్యాధి కలిగి, తుదిపందెమునకు ముందే శస్త్రచికిత్స చేయవలసివచ్చెను. జులై 12వ తేదీన జరిగిన తుదిపందెములో ఫానీ 1 నిమిషము 22.2 సెకండ్లలో గెలిచెను. మినా మూడు సెకండ్ల వెనుక రెండవదయ్యెను. ఇంగ్లండు యువతి జెన్నీ ఫ్లెచర్ మూడవదయ్యెను. ఆస్ట్రేలియా స్త్రీలలో ఒలింపిక్ స్వర్ణపతకమును పొందినవారిలో ఫానీయే ప్రథమురాలు.

పిమ్మట జట్టుపందెము వచ్చెను. నలుగురు కావలసియుండగా వీరిరువురే యుండిరి. ఒక్కొక్కరము రెండేసిమార్లు ఈదెదమని వీరు అడిగిరి గాని అధికారులు ఒప్పుకొనలేదు. పందెమును ఇంగ్లండు జట్టు గెలిచెను. మేమీ చిన్నసంగతిని విడువక చెప్పుటకు కారణము కలదు. తనకు తోచినది నిర్భయముగా అడుగు స్వభావము ఫానీది. స్టాక్‌హోమ్‌లో అది ముచ్చటగా కనబడెను. ఏడేండ్లకు పిమ్మట అదే స్వభావము ఆమెకు అపకీర్తిని తెచ్చెను.

1912 మొదలు 1918 వరకు ఫానీ పండ్రెండు ప్రపంచపు కొలతలను అతిక్రమించెను. నూరుగజముల పందెమునుండి మైలువరకు ఆమెకు సాటి లేకుండెను. 1915లో నూరుమీటరులను 1 నిమిషము 16.2 సెకండ్లలో ఈదెను. 1920 వరకు దానిని దాటినవారు లేరు. కాని ఆమె బలము పూర్ణదశలోనున్న యేండ్లలోనే ఐరోపా యుద్ధము చెలరేగెను. 1916లో బెర్లినులో జరుగవలసిన ఒలింపిక్ క్రీడలు జరుగలేదు. ఈతగత్తె పాటవము పంటవంటిది. కాలము తప్పినచో మరల రాదు.

1918లో ఫానీయు మినాయు అమెరికాకు పోయిరి. ఆస్ట్రేలియా ఈతసమాఖ్య అనుజ్ఞ లేకయే పోయిరని ఆ సమాఖ్య వారిని పోటీలనుండి బహిష్కరించెను. 1919లో మరల పోయిరి. ఈసారి తమ వెంటవచ్చిన కార్యనిర్వాహకుని ఖర్చులు చెల్లించిన గాని ఈదమని పట్టుబట్టిరి. అమెరికా క్రీడాసమాఖ్యవారు, అట్లయినచో మీ అమెచ్యూర్ హోదాను తీసివేయుదుమని బెదరించిరి. యాత్ర కలహములతో చెడిపోయెను. ఆ యేడే ఎథెల్డా బ్లైబ్‌ట్రీ యను అమెరికా యువతిచేతిలో ఫానీ ఓడిపోయెను. ఆమె విజయములకు తలయూచిన నోళ్లే ఇప్పుడు ఆమెను మొండిదనియు, ధనాపేక్ష కలదనియు నిందించెను. ఆమె కీర్తికి అంటిన మచ్చ ఇదియే.

ఈ నింద ఎంతవరకు న్యాయమో తెలియవలెనన్న అమెచ్యూర్ అను మాటకు అర్థము తెలియవలెను. ఆటవలన ఒక్క రూకయైనను పుచ్చుకొనని ఆటగానికి ఆ పేరు. ఆనాడు ఒలింపిక్ క్రీడలలో ఇట్టివారికే ప్రవేశము. వినుట కిది ఉదాత్తమైన నియమమే. కాని తాతలు సంపాదించిన ఆస్తిగలవానికి దీనివలన ఏ నష్టమును లేదు. మద్యశాల నడుపువాని బిడ్డకు, అందులోను ఒంటరిగా ప్రయాణము చేయరాదని లోకము శాసించిన ఆడుబిడ్డకు, ఇది మోయరాని బరువు. తోడులేక పోరాదని చెప్పువారే తోడువచ్చువాని ఖర్చు మేము ఇయ్యమనిరి. వేలకొలది జనులు ఆమెను చూచుటకు టికెట్లు కొని వచ్చుచుండగా, ఆ ధనము ఎవరికి చేరవలెనని ఆమె అడుగరాదట! అనుజ్ఞలేక పోవుట తప్పే. ఒప్పుకొన్న యాత్రను కలహముతో ముగించుట వివేకము కాదు. ఈ రెండింటిని మేము సమర్థింపము. అయినను పట్టుదలగల పురుషుని ధీరుడనియు, పట్టుదలగల స్త్రీని మొండిదనియు పిలుచు అలవాటు ఈ తీర్పులో కొంత కలిసియున్నదని చెప్పక తప్పదు.

1920లో ఆంట్వెర్ప్ నగరమున ఒలింపిక్ క్రీడలు మరల ప్రారంభమయ్యెను. జట్టు బయలుదేరుటకు వారముదినములకు ముందు ఫానీకి అపెండిసైటిస్ వచ్చి శస్త్రచికిత్స జరిగెను. దానివెంట టైఫాయిడు, న్యుమోనియా వచ్చెను. ఆమె పోలేకపోయెను. నూరుమీటరుల పందెమును బ్లైబ్‌ట్రీ గెలిచెను. 1912లో ఒక్క స్త్రీనైనను పంపని అమెరికా ఎనిమిదేండ్లలో ఈ విజయమును పొందుట, స్టాక్‌హోమ్ తెరచిన దారి ఎంత వెడల్పైనదో చూపుచున్నది. 1921 జనవరిలో ఫానీ పోటీలను విరమించి, గుఱ్ఱములకు శిక్షణ యిచ్చు బెర్నార్డ్ గేట్లీ యను నతని వివాహమాడెను. అది మొదలు ఆమె చిన్నపిల్లలకు ఈత నేర్పుటకు పూనుకొనెను.

ఆమె జీవితకథను చెప్పువారిలో పలువురు ఈ భాగమునకు ఒక్క వాక్యమును మాత్రమే విడుతురు. పందెమునకు గడియారము కలదు, బోధనకు లేదు. ఇంత కాలములో ఇంత దూరమని ఈతగత్తెను కొలువవచ్చును. నీటిని చూచి బెదరి తల్లి కొంగు విడువని బిడ్డ, మొగము నీటిలో ముంచి, ఊపిరి బిగబట్టి, మొదటిసారి తేలిన క్షణమును ఏ పట్టికలో వ్రాయుదురు? ఈత నేర్పువానికి ముందు కావలసినది వేగము కాదు, ఓర్పు. బిడ్డ భయపడుచున్నప్పుడు త్రోయరాదు. భయము తీరినప్పుడు ఆలస్యము చేయరాదు. చేయి పట్టుకొనవలెను, ఆ చేయి ఎప్పుడు విడువవలెనో ఎరుగవలెను. తాను గెలుచుట వేరు, మరియొకరు మునుగకుండ చూచుట వేరు. పందెములలో ముందునకు దుమికిన స్త్రీ, పసివారి ప్రక్కన నడుమువరకు నీటిలో నిలిచియుండుటకు నేర్చెను. మినా వైలీయు ఇదే త్రోవ త్రొక్కెను. ఆమె 1928 మొదలు 1970 వరకు సిడ్నీలోని పింబుల్ లేడీస్ కాలేజిలో బాలికలకు ఈత నేర్పెను. నలువదేండ్లకు పైగా ఏటేట క్రొత్తబాలికలు! ఒకప్పుడు పురుషులయెదుట ఈదరాదని వారింపబడిన ఇద్దరు యువతులు, ఈతయనునది ఆడుపిల్లకు చదువువలెనే అవసరమైనదని చెప్పకయే చెప్పిరి.

ఇక ఫానీ మనకు మిగిల్చినదేమియను ప్రశ్న కలదు. ఒక పక్షమువారు ఆమె స్వర్ణపతకమే సమస్తము, రోజ్ స్కాట్ ఒక మూఢురాలు అందురు. ఈ మాట సులభమైనది, కాని సత్యము కాదు. ఆ మూఢురాలే యువతులకు వోటు తెచ్చినది. రెండవ పక్షమువారు, స్త్రీల క్రీడలు పెరిగిన కొలది స్త్రీదేహము అంగడివస్తువైనది గనుక రోజ్ స్కాట్ చెప్పినదే నిజమైనదనియు, ఫానీ తెరచిన తలుపున వెలుతురుతోబాటు దుమ్మును వచ్చినదనియు అందురు. దుమ్ము వచ్చినమాట మేమును కాదనము. క్రీడాకారిణుల నేర్పును విడిచి వారి రూపమును దుస్తులను గూర్చి వ్రాయు పత్రికలు ఆనాడును కలవు, నేడును కలవు. శిక్షకుల చేతిలోనే బాలికలు బాధలుపడిన కథలును లోకమునకు తెలియవచ్చినవి. అట్టివాని విషయమున రోజ్ స్కాట్ 1910లో చూపిన దారియే దారి: తప్పుచేయువానిని పట్టుడు, శిక్షింపుడు. ఆమె 1912లో చూపిన దారి కాదు. దుమ్ము వచ్చినదని తలుపు మూయువారు గాలిని గూడ పోగొట్టుకొందురు. చీపురు చేతబట్టువారు రెంటిని కాపాడుకొందురు.

కావున ఈ యిరువురను శత్రువులుగా చూచుట మాకు సమ్మతము కాదు. రోజ్ స్కాట్ స్త్రీని పురుషుని హింసనుండి విడిపింపగోరెను. ఫానీ డ్యురాక్ స్త్రీని ఆమె అశక్తతనుండి విడిపించెను. మొదటిది లేనిచో రెండవది భద్రము కాదు. రెండవది లేనిచో మొదటిది కాపలా మాత్రమే యగును. పెద్దది చిన్నదానిని వారించెను, చిన్నది వినలేదు, వినకపోవుటవలన ఇరువుర పనియు ముందునకు సాగెను. రోజ్ స్కాట్ 1925లో మరణించెను. తాను వారించిన పని లోకమంతట వ్యాపించుటను ఆమె కన్నులార చూచియే పోయెను. 1924 నాటి పారిస్ క్రీడలలో స్త్రీల ఈతపందెములు అయిదైనవి.

న్యూ సౌత్ వేల్స్ స్త్రీల ఈతసంఘము 1945లో ఫానీని తన జీవితసభ్యురాలిగా గౌరవించెను. ముప్పదిమూడేండ్లకు పూర్వము తన నియమములచే ఆమెను ఆపబోయిన సంఘమే యది. పిల్లలకు ఈత నేర్పుచు గడపిన ఆ యేండ్లకు ఇంతకన్న తగిన బిరుదము లేదు. ఆమె 1956 మార్చి 20వ తేదీన సిడ్నీలో మరణించెను. ఆ సంవత్సరము చివర ఒలింపిక్ క్రీడలు మొదటిసారి ఆమె దేశమునకే వచ్చెను. మెల్బోర్న్‌లో స్త్రీల నూరుమీటరుల పందెమును డాన్ ఫ్రేజర్ 62 సెకండ్లలో గెలిచెను. రెండవ, మూడవ స్థానములును ఆస్ట్రేలియా యువతులకే దక్కెను. 1912లో పురుషుల పందెమును గెలిచిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకుకు పట్టినది 63.4 సెకండ్లు. స్త్రీదేహమునకు శక్తి లేదని చెప్పినవారికి ఈ రెండంకెలే సమాధానము. 1967లో అంతర్జాతీయ ఈతగాండ్ర కీర్తిమందిరమున ఫానీ పేరు చేర్చబడెను. 1975లో మినా పేరు చేరెను.

మన దేశమునుండి స్త్రీలు ఒలింపిక్ ఈతపోటీలకు పోయినది 1952లో. హెల్సింకీ క్రీడలలో డాలీ నాజిర్, ఆరతీ సాహా యను నిరువురు పాల్గొనిరి. ఆరతికి అప్పటికి పండ్రెండేండ్లయినను నిండలేదు. ఏడేండ్లకు, 1959లో, ఆమె ఇంగ్లీషు కాలువను ఈదిదాటెను. ఆసియాఖండపు స్త్రీలలో ఆ పని చేసినవారిలో ఆమెయే మొదటిది. స్టాక్‌హోమ్‌కును హెల్సింకీకిని నడుమ నలువదేండ్లు. ఆ నలువదేండ్లు ఎందుకు పట్టినవని అడిగినచో, మన పూర్వాచారపరులను మాత్రమే నిందించి ఊరకుండుట చాలదు. కూతును బడికి పంపి, కళాశాలకు పంపి, ఉద్యోగమునకు గూడ పంపిన సంస్కారవంతమైన ఇండ్లలోనే, చెరువుగట్టుకడకు వచ్చుసరికి అడుగు ఆగును. కొడుకు కాలువలో ఈదుట నేర్చును. కూతురు గట్టున నిలిచి వాని బట్టలు కాచును. ఎందుకమ్మా యన్న, ఎవరైన చూతురందుము.

చూతురు. చూచువాని కన్నులకు క్రమము నేర్పుట మన పని. పిల్లకు ఈత నేర్పుటయు మన పనియే. మొదటిది పూర్తియైన తరువాత రెండవది ప్రారంభింతమన్నచో, నీరు అంతవరకు కాచుకొనియుండదు. వరద వచ్చినప్పుడు అది కొడుకెవరు, కూతురెవరని విచారింపదు.